అరుగు మీద కేడీ

మూడోసారి జైలు నుంచి వచ్చినప్పుడు జక్కయ్య చేతిలో ఉన్నవి ఒక దుప్పటి, ఒక సత్తు చెంబు, పోలీసులు తగిలించిన కేడీ అన్న పేరు. మొదటి రెండూ ఏ సంతలోనైనా అమ్ముడుపోతాయి. మూడోది ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేడు.

అయినా గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల హనుమయ్య అతన్ని కాపలాకి పెట్టుకున్నాడు. కొట్టు అరుగు మీదే పడక.

ఇవాళ పొద్దున్నే వీధంతా ఆ అరుగు ముందుంది. వీధి చివర వెంకటకృష్ణారావు బట్టల కొట్టుకి రాత్రి కన్నం పడింది. మంగళగిరి చీరలు మూటలకు మూటలే పోయాయి.

"దొంగని కాపలా పెట్టుకున్న మహానుభావుణ్ణి మిమ్మల్నే చూశాను హనుమయ్యగారూ!" వెంకటకృష్ణారావు కేకలేశాడు. "వీడొచ్చాక ఇది మూడో కన్నం. ఒక్క మీ కొట్టుకే పడలేదు!"

"అదేగా నేననేది," అన్నాడు హనుమయ్య అగరుబత్తి వెలిగిస్తూ.

"తిన్న ఇల్లొదిలి పక్కిళ్ళు దోస్తున్నాడన్నమాట! దులపండ్రా వాడి దుప్పటి!"

దులిపితే రెండు బీడీలు రాలాయి.

"పొమ్మంటారా అయ్యా?" జక్కయ్య దుప్పటి మడత పెట్టాడు. "ఈ ఊళ్ళో నాకింకో అరుగు దొరకదండీ. మళ్ళీ లోపలికే."

ఇంతలో కానిస్టేబుల్ అంతోని వచ్చాడు.

"పట్టుకెళ్ళవయ్యా వీణ్ణి!" అన్నాడు వెంకటకృష్ణారావు.

అంతోని ఆవులించాడు. "ఎలా పట్టుకెళ్ళనండీ? రాత్రంతా ఇక్కడే ఉన్నాడు. నేనే రెండుసార్లు లేపి చూశాను."

"ఎందుకు లేపడం?"

"కేడీ కదండీ. ఎక్కడ పడుకుంటే అక్కడికెళ్ళి చూసి రావాలి. వానొచ్చినా సరే. ఒక్క రాత్రి తప్పితే నా ఉద్యోగం ఊడుద్ది."

వెంకటకృష్ణారావు అరుగు వంక చూశాడు. అంతోని బూట్ల వంక చూశాడు.

"అంటే మీ కొట్టుకి రోజూ పోలీసు కాపలా," అన్నాడు మెల్లిగా.

హనుమయ్య ఇంకో అగరుబత్తి వెలిగించాడు.

"జక్కయ్యా, నుంచున్నావేం? కూర్చోవయ్యా," వెంకటకృష్ణారావు గొంతు మెత్తబడింది. "నా అరుగు ఇంతకంటే వెడల్పు. పైన రేకు కూడా ఉంది, తడవవు."

"నా మనిషిని నా ముందే లాక్కుపోతారా?" హనుమయ్య అగరుబత్తి వదిలేసి లేచాడు. "జీతం పెంచుతున్నాను జక్కయ్యా, కదలకు!"

జక్కయ్య దుప్పటి మళ్ళీ పరిచి తీరిగ్గా కూర్చున్నాడు.

"నేను రాలేనండీ కృష్ణారావుగారూ. పై నెల్లో మా ఏసుపాదం విడుదలవుతున్నాడు, పంపిస్తాను. జీతం మాత్రం నాకంటే ఎక్కువివ్వాలండీ. అయిదుసార్లు లోపలికెళ్ళొచ్చినవాడు, అతన్నయితే రాత్రికి మూడుసార్లు లేపుతారు."