ఆధారం లేని వాక్యం

ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఒక పోలిష్ కవి జీవిత చరిత్రకు నేను రాత్రి చేర్చిన వాక్యాన్ని మా ఆయన పొద్దున్నే తుడిచేశారు.

‘కవి రాసినవాటిలో సగం ఆయన భార్యవే’ అన్నదే ఆ వాక్యం.

“ఆధారం లేనిదే అక్కడ ఏదీ నిలవదు, పిచ్చిమొహమా!” అన్నారు టై సర్దుకుంటూ. ఆ వ్యాసాన్ని అంత గొప్పగా తీర్చిదిద్దినందుకు ఇవాళ ఆయనకు సన్మానం.

నేను పుస్తకం తెరిచి కవి భార్య ఉత్తరం చూపించాను. “ఇదిగోండి ఆధారం.”

“నాకేం అర్థమవుతుంది? నాకు పోలిష్ రాదుగా!” అనేసి నాలుక కరుచుకున్నారు.

మూడేళ్లు భోజనాల బల్ల మీద పోలిష్ పుస్తకాలు ముందేసుకుని ఆ వ్యాసం రాసింది నేను. “అందులో రాయడానికి ఇంటికి నా ఖాతా ఒక్కటి చాలదుటే?” అని ఆయనంటే గొర్రెలా తలూపిందీ నేనే. ఎవరేం మార్చారో అందరికీ చూపించే మార్పుల చరిత్రలో నాలుగొందల మార్పులూ ఆయన పేరు మీదే ఉన్నాయి.

ఆయన సభకు బయల్దేరాక వాక్యాన్ని మళ్లీ పెట్టాను. మార్పుకు కారణం రాయమన్న గడిలో, ‘ఈ వ్యాసం కూడా నా భార్యే రాసింది. నాకు పోలిష్ రాదు’ అని రాసి భద్రపరిచాను.

ఎప్పటిలాగే, అది కూడా ఆయన పేరు మీదే పడింది.