బస్తాన్నర బరువు

"బండి వెనక్కి కుంగకూడదు. నాకు కావలసింది అంతే," అన్నాడు మధుసూదన్, మెడలోని ఆఫీసు కార్డు తీసి జేబులో కుక్కుకుంటూ.

జీపు కింద పడుకున్న తిరుపతి తల బయటపెట్టాడు. పుప్పాలగూడ సందులోని అతని షెడ్డుకి కొండలూ గుట్టలూ ఎక్కే పాత జీపులు చాలానే వస్తాయి. గుంతల్లో ఎగిరిపడకూడదని అడుగుతారు అందరూ. నిలబడ్డ బండి కుంగకూడదన్నవాడు ఇతనొక్కడే.

"షాక్ అబ్జార్బర్లు కుదుపు ఆపుతయి సార్, బరువు మోయవు. పాతయి ఎట్లాగూ నూనె కారుతున్నయి, తీసేస్తున్న. కుంగొద్దంటే స్ప్రింగు చుట్టిన రకం పెట్టాలె. ఇంతకూ వెనక ఏమేస్తరు?"

"అది మీకెందుకండీ?"

"ఎంత బరువో తెల్వాలె గద."

మధుసూదన్ రోడ్డు వైపు చూశాడు. "సిమెంటు బస్తాన్నర అనుకోండి."

తిరుపతికి నమ్మకం కుదరలేదు. ఆ కాస్త బరువుకి ఇంత హైరానా ఎవడు పడతాడు? మనిషి అబద్ధమాడుతున్నాడు. పక్క షెడ్డు పెద్దన్న ఇలాగే ఒక జీపు వెనక భాగం ఎత్తు చేసి ఇచ్చాడు. అది గంజాయితో దొరికింది. పాపం, పెద్దన్న ఇప్పటికీ ఠాణా చుట్టూ తిరుగుతున్నాడు.

అయినా చేతిలో పని ఆపలేదు. కొత్తవి బిగించి బయటికొచ్చాడు.

"బరువు పెట్టి చూద్దామండీ," అన్నాడు మధుసూదన్.

ఎదురుగా కడుతున్న అపార్టుమెంటు దగ్గర అడిగి బస్తాలు తెచ్చారు. తిరుపతి వాటిని వెనక మెట్టు మీదుగా లోపలికి తోస్తుంటే, మధుసూదన్ రోడ్డు దాటి అవతల నిలబడి కన్నార్పకుండా చూశాడు.

"ఎక్కించేటప్పుడు కొంచెం దిగిందండీ."

"ఏ బండైనా జర దిగుతది సార్."

"దిగకూడదు! అప్పుడే అందరూ చూసేది." అంతలోనే గొంతు తగ్గించాడు. "ఇంకాస్త బిగించండి, ప్లీజ్."

తిరుపతి స్ప్రింగు ఇంకాస్త బిగించాడు. మళ్ళీ బస్తాలు దించారు, ఎక్కించారు. ఈసారి జీపు కదల్లేదు. మధుసూదన్ చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఆ, ఉమా. అయిపోయింది. ఈసారి సందులో కాదు, గేటు ముందే ఆపుతాను... జనం ఉంటారని తెలుసు, ఉండనీ. తనకి మాత్రం ఏమీ చెప్పకు."

తిరుపతి తాళంచెవి జేబులో వేసుకుని, షెడ్డు ముందు టీ కొట్టు నడిపే భార్య దగ్గరికి నడిచాడు. రేణుక అంతా వింటూనే ఉంది.

"ఏందయ్యా ఈయన కథ?"

"సరుకేదో తోలుతున్నట్టుండు."

"మరి చూసుకుంట నిలబడ్డవేంది? ఠాణాకు ఫోన్ కొట్టు. పెద్దన్న గతి మనకు వద్దు."

తిరుపతి నంబరు తీశాడు. వేలు దాని మీదే ఆగింది. మనిషి చూస్తే దొంగలా లేడు. కానీ దొంగలు దొంగల్లా ఉంటారా?

"తిరుపతిగారూ, తాళం! నాకు ఆలస్యమవుతోంది."

"ఇయ్య సార్."

"అదేంటండీ?"

"ఏం ఎక్కిస్తరో చెప్పుండ్రి. లేకుంటే గీ నంబరు నొక్కుత. మాకూ సంసారం ఉంది. రేపు మీరు దొరికితే నన్ను గుంజుకపోతరు."

"దొరకడమేంటి?" మధుసూదన్ తిరుపతి ఫోన్ తెరమీది పేరు చదివి తెల్లబోయాడు. "పోలీసులా? అయ్యో, మీరేదో... అలాంటిది కాదండీ."

"మరి గంత దాపరికమెందుకు?"

టీ గ్లాసులు కడుగుతున్న రేణుక చేతులు ఆగాయి. మధుసూదన్ ఆమెనీ, తిరుపతినీ మార్చి మార్చి చూశాడు. ఫోన్ మళ్ళీ మోగుతున్నా ఎత్తలేదు. జీపు వెనక మెట్టు మీద చెయ్యేసి, నేలచూపులు చూస్తూ, వినపడీ వినపడనట్టు చెప్పాడు.

"మా పాప ఎక్కితే బండి కుంగుతోందని తోటిపిల్లలు నవ్వుతున్నారండీ."