పదకొండు రోజుల మెసేజ్‌లు

సింధుజకున్న పెద్ద భయం ఒక్కటే: చెల్లెలు మనీష బతికి లేదేమోనని.

ఆ మాటే సిద్దిపేట పోలీస్ స్టేషన్‌లో చెప్పింది. కానిస్టేబుల్ రోజారాణి రాస్తున్న పెన్ను ఆపి ఆమెనూ, చంకలో ఉన్న పాపనూ చూసింది.

"ఎప్పటి సంది కనవడ్తలేదు?"

"మిరుదొడ్డిల అత్తగారింట్లనే ఉన్నదంటున్రు మేడం. దాని గొంతు ఇనక పదకొండు రోజులైంది. ఫోన్ చేస్తే రింగైతది, ఎత్తదు. ఎనుకనే మెసేజ్ వస్తది."

"మెసేజ్ వస్తుందా? ఏదీ, చూపియ్యి."

సింధుజ ఫోన్ ఇచ్చింది. ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించినా, ఆ మెసేజ్‌లన్నీ కూడబలుక్కుని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు.

రోజారాణి పైకి చదివింది. "'అక్కా, ఫోన్ మైక్ ఖరాబైంది. మాట ఇనరాదు. నేను మంచిగున్న.' మంచిగనే ఉందట గదమ్మా! ఇది నిన్నటిది... 'కష్టాలే మనిషిని పెద్దగ చేస్తయి. ఓపిక పట్టినోళ్లే గెలుస్తరు.' అబ్బో! మీ చెల్లెకు ఎంత తెలివే! మా ఇంటాయినకు పంపాలె గిది."

సింధుజ నవ్వలేదు. "మొన్న నేనే పోయిన మేడం. తలుపుకాడనే ఆపిన్రు. ఏదో గుడికి పోయిందన్నరు."

"మొగనితోని కొట్లాటలున్నయా?"

"పెండ్లై మూడు నెల్లే. పోయిన నెల వీడియో కాల్‌ల దాని చెంపమీద వాతలు సూసిన. జారిపడ్డ అన్నది."

రోజారాణి మనీష భర్త మహేందర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"నమస్తే మేడం. మనీషనా? ఇంట్లనే ఉంది, తానం చేస్తుంది. మా వదినెకు అనుమానం జాస్తి. బయటికి రాంగనే మెసేజ్ పెట్టుమంట."

రెండు నిమిషాలు కాకముందే సింధుజ ఫోన్ మోగింది. 'మేడం, నేను మనీషను. మంచిగున్న. మా అక్కకు ఊకె భయం. ఏమనుకోకుండ్రి.'

"ఇగో, అయిపాయె" అంది రోజారాణి. "పసిపిల్లను ఎత్తుకొని ఎండల తిరగకు. ఇంటికి పో."

సింధుజ గేటు దాకా వచ్చింది. తల్లి సుమిత్రమ్మ ఫోన్ చేసింది.

"ఠాణాల ఆ ముచ్చట చెప్పినవా ఏందే?"

"ఇంకా లేదు."

"చెప్పకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. దాచిపెట్టి పెండ్లి చేసినమని తెలిస్తే దాన్ని తెచ్చి మన వాకిట్ల ఇడిశిపోతరు. మీ బాపు నలుగుట్ల తలెత్తుకోలేడు."

"తెచ్చి ఇడిస్తే మంచిదే అవ్వా. తెస్తరా మరి?"

సింధుజ ఫోన్ పెట్టేసింది.

పెండ్లిచూపులనాడు వాళ్లు అడిగితే ఆ అబద్ధం ఆడింది సింధుజే. తడబడకుండా ఆడింది. పెద్దకూతురు ఇల్లు నిలబెట్టిందని అందరూ మెచ్చుకున్నారు.

పాపను రెండో భుజానికి మార్చుకుని ఆమె వెనక్కి నడిచింది.

"మళ్లేందమ్మా?" అంది రోజారాణి తల ఎత్తకుండానే.

"ఇప్పుడే ఒక్కసారి ఆ ఇంటికి పోయి సూడుండ్రి మేడం. మా మనీషకు ఒక్క అక్షరం గూడ రాయనీకి రాదు."