రెండో డిస్కు

ఖమ్మంలో డిస్కులు పంపే హోల్‌సేల్ షాపు నుంచి ఫోను వస్తే పద్మప్రియ తడి చేతులతోనే ఎత్తింది. ఫ్రెంచివాళ్ల సినిమా వచ్చేసిందట. ఒకటి కాదు, రెండు డిస్కుల పెట్టె. మధ్యాహ్నం బస్సులో వేస్తామన్నారు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. పెళ్లయి మూడు నెలలు. డిగ్రీ చదివిన పిల్ల భద్రాచలంలో సీడీల షాపులో కూర్చోవడమేమిటని వైరాలో పుట్టింటివాళ్లు మూతి విరిచారు గానీ, ఆమెకు ఆ షాపే పండగ. కొత్త డిస్కు ఏదొచ్చినా ముందు తనే చూడాలి. బొమ్మ ఎలా ఉంది, సౌండు ఎలా ఉంది, సినిమా కాక ఇంకేమిచ్చారు, అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, మార్కులేసి, పెట్టెకు అంటించాలి. ఈ పంతులమ్మ చేతిలో పాసైన సినిమా బతికినట్టేనని భర్త ఉదయ్ భాస్కర్ ఏడిపిస్తుంటాడు.

ఈ డిస్కు గురించి వారం వారం అడుగుతున్న మనిషి ఒకడున్నాడు. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి తేనె అమ్ముకోవడానికి వచ్చే జంపయ్య. "తెల్లోళ్ల సినిమా వచ్చిందా బిడ్డా?" అనేవాడు. రాలేదంటే మెట్టు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నిమ్మళంగా వెళ్లేవాడు.

నాలుగేళ్ల కిందట ఆ సినిమాను వాళ్ల ఊరి రేవులోనే తీశారు. జంపయ్య కొడుకు వీరబాబు జనంలో ఒకడిగా పడవెక్కాడు. తర్వాత కొన్నాళ్లు అన్నలతో అడవిలో తిరిగి, వాళ్లకు చెప్పకుండా ఇంటికొచ్చేశాడంటారు. అటు అన్నలు, ఇటు పోలీసులు వెతుకుతుండగానే 2006 వరదల్లో గోదావరి తీసుకుపోయింది. దినాలు చేశారు. తల్లి పుల్లమ్మ ఆనాటి నుంచి గడప దాటలేదు. ఆ ఇంట్లో కొడుకు ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

పెట్టె బస్సు దిగిన రోజు మంగళవారం. జంపయ్య వచ్చే రోజే. పద్మప్రియ సంగతి చెప్పగానే ఆయన తేనె సీసాల బుట్ట దించడం కూడా మరిచి నిలబడిపోయాడు.

"ఎంతమంది చూసిండ్రు?" అని మాత్రం అడిగాడు.

"ఇక్కడ మనమే మొదలు పెద్దయ్యా," అందామె గర్వంగా.

విదేశీ డిస్కులు మన ప్లేయర్లలో ఒక పట్టాన ఆడవు. ఉదయ్ భాస్కర్ ఏరికోరి తెచ్చిన చైనా ప్లేయరు మాత్రం దేన్నీ కాదనదు. పద్మప్రియ కాగితం, పెన్ను పట్టుకుని షాపు వెనక గదిలో టీవీ ముందు కూర్చుంది. పగటి దృశ్యాలు అద్దంలా ఉన్నాయి. కింద పడే తెల్ల అక్షరాలు తెల్ల ఇసుకలో కలిసిపోతున్నాయి. తెడ్డు నీళ్లలో మునిగిన చప్పుడైతే గదిలోనే అయినట్టుంది. దానికి పదికి తొమ్మిది వేసింది.

రేవు దృశ్యం వచ్చింది. మునిమాపు వేళ. పడవ నిండా మనుషులు, అందరూ నల్లటి ముద్దలే. ఆపి చూశారు. వెనక్కి తిప్పి చూశారు. అందులో ఎవరు ఎవరో తేల్చడం బ్రహ్మతరం కూడా కాదు.

"కనబడతలేడు గదా?" అన్నాడు జంపయ్య.

"లేదు పెద్దయ్యా."

ఆయన పెద్దగా ఊపిరి వదిలి బుట్ట అందుకున్నాడు. పద్మప్రియకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లు తిరిగిన మనిషిని ఉత్తచేతులతో పంపబుద్ధి కాలేదు. ఆగమంది. రెండో డిస్కు ఉందని, సినిమాలో పెట్టకుండా తీసేసినవీ, షూటింగు జరుగుతుండగా పట్టినవీ అన్నీ అందులోనే ఉంటాయని చెప్పింది.

"ఇంకా ఉన్నదా?" అంటూ జంపయ్య అక్కడే కూలబడ్డాడు.

తీసేసిన దృశ్యాలు ఆరు. ఒక్కదానిలోనూ వీరబాబు లేడు. దర్శకుడి మాటలు అతని భాషలోనే ఉన్నాయి, కింద అక్షరాలు కూడా వేయలేదు. దానికి సున్నా చుట్టింది. ఇక మిగిలింది షూటింగు విశేషాలు, నలభై నిమిషాలు. ముప్ఫై గడిచాయి. గిరాకీ వచ్చిందని ఉదయ్ భాస్కర్ లేచిపోయాడు. జంపయ్య రెప్ప వేయడం లేదు.

అప్పుడు కనబడ్డాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఇసుక మీద బాసింపట్టు వేసుకుని. కెమెరా దగ్గరికి జరిగింది. తెర నిండా ముఖం. ఎవరో పేరడిగారు. నవ్వుతూ తన పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఆ మూడూ తెర కింద అక్షరాలై పడ్డాయి.

పద్మప్రియ అక్కడ ఆపేసింది. అసలు సినిమా కన్నా ఈ ముక్కే బాగుంది. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, ఎడమ కనుబొమ మీది గాటు కూడా తెలుస్తోంది. పదికి పది. తిరిగి చూస్తే జంపయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. ఆమె గుండె నిండిపోయింది.

ఆగలేక గబగబా చెప్పేసింది. ఈ ముఖాన్ని పెద్ద ఫోటో తీయించి ఇస్తుందట. పేపరు విలేఖరి తెలిసినవాడేనట, జిల్లా పేజీలో వేయిస్తుందట. షాపు ముందు టీవీ పెట్టి రోజంతా ఇదే ఆడిస్తుందట. మన అడవి ఉన్న సినిమా కదా, ఖమ్మంలో అప్పుడే పదిహేను పెట్టెలు అమ్ముడుపోయాయట.

"పదిహేను," అన్నాడు జంపయ్య.

లేచి టీవీ దగ్గరికి నడిచాడు. కొడుకు ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి చాలలేదు. రెండో చెయ్యీ పెట్టాడు.

"ఒక్క దినం ఎవ్వలకు చూపియ్యకు బిడ్డా," అన్నాడు తల తిప్పకుండానే. "రేపు వాణ్ని గోదారి దాటించి మణుగూరుల రైలెక్కిస్త."