మూడు రంగుల దారాలు

నేరేడు అడవిలో గొడ్డలి పడిన రోజున, విరూర్ బడిపంతులు బాపయ్య జేబులో అగ్గిపెట్టె వేసుకుని ఇస్తారి ఇంటికి బయలుదేరాడు. వాగు గట్టున ఉన్న ఏరుమద్ది అడవి కిందటి నెలే పోయింది.

తాలూకాను ఒక రాష్ట్రంలోంచి తీసి ఇంకో రాష్ట్రంలో కలిపిన రోజులవి. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవారు. ఆరు నెలల కిందట అక్కడి నుంచి అడవుల సర్వే ఆఫీసరు ప్రహ్లాద్ సాహెబు జీపులో వచ్చాడు. వాగు దిక్కున ఏరుమద్ది, నేరేడు, రోడ్డు పక్క పల్లపు వెదురు: ఈ మూడు తడి అడవుల్లో తిరిగే నేల పురుగులు ఒకటేనా, వేరువేరా అన్నది ఆయన తేల్చాలి. వేరైతే మూడూ ఉంటాయి. ఒకటేనైతే వెదురు ఒక్కటి చాలు, మిగతా రెండూ నరికేస్తారు.

పద్ధతి సులువు. గాజు గ్లాసులను అంచు దాకా నేలలో పాతాలి. రాత్రి నడిచే పురుగులు వాటిలో పడతాయి. ఏ అడవి గ్లాసుకు ఆ అడవి రంగు దారం. ఆ పనికి ఊళ్లో కూలి చేసే ఇస్తారిని పెట్టారు.

మొదటి రోజే అడవి గార్డు అనుమతి కాగితం మీది ముద్ర చూసి మూతి విరిచాడు.

"గిది పాత సర్కారు మొహరు. గిది పట్టుకొని రోడ్డు దిగి వాగు దిక్కు పోతే కేసే."

సాహెబు జీపు దిగలేదు.

"ఇస్తారీ, నువ్ చూస్కో. చేతగాదంటే చెప్పు, ఇంకొకడొస్తడు."

ఇస్తారి చూసుకున్నాడు. రోజూ తెల్లారేసరికి గ్లాసులు సాహెబు దిగిన బంగళా మెట్ల మీద ఉండేవి. దారం ఒక్కటి తారుమారు కాలేదు.

"ఏం మనిషయ్యా! కాళ్లకు బురద గూడ అంటదు," అని సాహెబు మెచ్చుకున్నాడు. తన బూట్లకూ అంటలేదు.

బాపయ్య ఒకసారి అగ్గిపెట్టెలో దాచిన ఎండు పురుగును తెచ్చి సాహెబుకు చూపించాడు. నల్లని వీపు మీద పసుపు చుక్కలు. బతికుండగా ముట్టుకుంటే వేలు చుర్రుమంటుంది. చనిపోయిన ఆయన కూతురు రుక్మిణి నేరేడు అడవిలో వేలు కాల్చుకుని మరీ తెచ్చిన పురుగు.

సాహెబు నవ్వాడు.

"మాస్టర్‌జీ, నా గ్లాసుల పడని పురుగు ఆ అడవిల లేనట్టే."

రిపోర్టు అచ్చయింది. మూడు అడవుల్లోనూ ఒకటే పురుగులట. సాహెబుకు ప్రమోషన్ వచ్చింది.

నేరేడుకు గొడ్డలి పడిన ఆ రోజు, ఇస్తారి గుమ్మంలో బాపయ్య అగ్గిపెట్టె తెరిచాడు.

"గిది నీ గ్లాసుల ఒక్కసారన్న పడలేదా, ఇస్తారీ?"

ఇస్తారి వంగి చూశాడు.

"గీ పురుగును ఇయ్యాల్నే చూస్తున్న, సారూ."

ఎర్ర దారం గ్లాసులూ, తెల్ల దారం గ్లాసులూ, నీలం దారం గ్లాసులూ, దిగితే కేసని అతను అన్నీ రోడ్డు పక్క వెదురులోనే పాతాడు. గొడ్డలి పడిన రెండు అడవుల్లో పురుగులను ఎవరూ లెక్కపెట్టలేదు.