మళ్ళీ చదవండి అంకుల్

"అరే యార్, మళ్ళీ పోయింది!"

దీవిలోని డెలానీపూర్ బస్టాపులో కళ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగి ఒళ్ళో పడేసింది.

ఫోన్లో ఎవరో గడగడా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు. ఒక వాక్యం రాసేలోపు ఇంకో రెండు వెళ్ళిపోతున్నాయి.

వినాలి. వింటూనే రాయాలి. కాలేజీ ఇంగ్లీషు పరీక్షలో ఇంతకుముందు రెండుసార్లూ కళ తప్పింది అక్కడే.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఉద్యోగం వచ్చినట్టే వచ్చి ఆగి ఉంది. ఇంగ్లీషు సర్టిఫికెట్ తెస్తేనే చేర్చుకుంటామన్నారు. ఈసారి కూడా తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అక్కడ ఇంటి దగ్గర, ప్రోతరాపూర్లో నాన్న అప్పుడే, చేపలు కొనడానికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా పిల్లకి ఎయిర్‌పోర్టులో జాబు" అని చెప్పేసుకుంటున్నాడు.

"ఏటమ్మా, పరీక్షా?"

బెంచీ చివర కూర్చున్న పెద్దాయన. ఎప్పుడొచ్చాడో కళ చూసుకోలేదు. చేతిలో ఇంగ్లీషు పేపరు.

"లిజనింగ్ అంకుల్. వింటూ రాయాలి. నావల్ల కావట్లేదు."

"ఫోను నీకోసం ఆగదు కదా. నేను చదువుతాను, నువ్వు రాసుకో."

కళ ఎగాదిగా చూసింది. బస్సు జాడ లేదు. పుస్తకం తెరిచింది.

ఆయన చదివాడు. ఇంగ్లీషు బాగానే ఉంది. గొంతే బాగాలేదు. గరగరలాడుతూ మొదలై, వాక్యం చివరికొచ్చేసరికి గాలిలో కలిసిపోతోంది.

"చివర వినపడలేదు. మళ్ళీ చదవండి అంకుల్."

మళ్ళీ చదివాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. తుఫాను హెచ్చరికలు, ఓడలు బయల్దేరే వేళలు, ఆటల వార్తలు... ఏ పేజీ వస్తే అది. కళ తప్పు రాస్తే నవ్వేవాడు కాదు. ఆ ముక్క ఇంకోసారి చదివేవాడు.

"మీకు విసుగు రాదా?" అని ఒకసారి అడిగింది.

"వినేవాళ్ళుంటే చదవడం నాకిష్టం" అన్నాడు.

పుస్తకం అట్ట మీద కళ పేరు చదివాడు గానీ, తన గురించి అంతకుమించి ఏమీ చెప్పలేదు. కళ అడగలేదు.

పరీక్ష ముందురోజు కళ తొందరతొందరగా రాస్తోంది. నాలుగు వాక్యాల్లో రెండు వదిలేసింది.

"మళ్ళీ."

చదివాడు.

"అబ్బా, గట్టిగా అంకుల్! మీ గొంతు అస్సలు అర్థం కావట్లేదు!"

ఆయన సీసాలో నీళ్ళు గుటక వేశాడు. ఇంకాస్త గట్టిగా చదివాడు. మధ్యలో దగ్గు తెర వచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ వాచీ చూసుకుంది.

"రేపే పరీక్ష! ఇలాగైతే నేనేం రాస్తాను?"

"ఇంకోసారి" అన్నాడాయన. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది.

ఇంతలో బస్సు వచ్చేసింది. "ప్రోతరాపూర్! చలో, జల్దీ!" కండక్టరు అరుస్తున్నాడు. కళ పుస్తకం మూసి పరుగెత్తి ఎక్కేసింది.

వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పరీక్ష హాలు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. రేకుల మీద దబదబా చప్పుడు. పాత స్పీకరులోంచి వస్తున్న మాటలు సగం ఆ చప్పుడులోనే మునిగిపోతున్నాయి.

"సార్, వినపడట్లేదు!" ముందు వరసలోంచి ఎవరో లేచారు.

"కూర్చో! ఒక్కసారే వేస్తాం."

కళ చెవులు రిక్కించింది. కళ్ళు మూసుకుంది.

వినపడుతోంది.

గరగర వెనకాల మాట. గాలిలో కలిసిపోబోతున్న వాక్యం చివర. వాటిని పట్టుకోవడం ఆమె చెవికి అలవాటైపోయింది. కలం ఆగలేదు. కాగితం ఇచ్చేసేసరికి ఒక్క జవాబూ ఖాళీగా లేదు.

హాల్లోంచి నేరుగా బస్టాపుకి పరుగెత్తింది.

బెంచీ ఖాళీ.

మర్నాడూ ఖాళీయే. తిట్టినందుకు కోపమొచ్చిందేమో. ఇల్లెక్కడో అడుగుదామంటే పేరే తెలియదు. వరసగా రెండు బస్సులు వదిలేసి మరీ కూర్చుంది.

వారం పోయాక ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది.

"కళ అంటే నువ్వేనా?"

"అవును దీదీ. మీరు?"

"నా పేరు పద్మిని. ఇక్కడ రోజూ నీకు పేపరు చదివాడే, చంద్రమౌళి, ఆయన కూతుర్ని. నాన్న చెన్నై హాస్పిటల్లో ఉన్నాడు. పొద్దున మెసేజ్ పెట్టాడు. బస్టాపులో నేను రోజూ పేపరు చదివిపెట్టిన కళ అనే అమ్మాయి ఉంటుంది, పరీక్ష ఎలా రాసిందో కనుక్కో అని."

కళ గబుక్కున లేచింది.

"బాగా రాశాను! అంతా రాశాను! ఫోన్ కలపండి దీదీ, నేనే చెప్తాను. సారీ కూడా చెప్పాలి."

పద్మిని ఫోన్ తీసింది. కలపలేదు.

"చెప్పు. వింటాడు. జవాబు మాత్రం చెప్పలేడు."

"ఏం?"

"క్యాన్సర్. మొన్న ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు."

ప్రోతరాపూర్ బస్సు వచ్చి ఆగింది. కళ కదల్లేదు.

"మాట్లాడొద్దని డాక్టరు ముందే చెప్పాడు" అంది పద్మిని.

"మరి నాకెందుకు చదివారు దీదీ? మీరెవరూ ఆపలేదా?"

"ఆపడానికి మాకు తెలిస్తే కదా" పద్మిని బెంచీ మీద కూలబడింది. "నెల రోజుల నుంచి ఇంట్లో అమ్మతోనూ నాతోనూ సైగలే చేసేవాడు, మిగిలిన ఆ కాస్త గొంతూ దాచుకుని రోజూ నీ దగ్గరికి తెచ్చాడమ్మా."