నోవహు కొడుకులు

వెంకటమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. శుక్రవారం రాత్రి నుంచి ఎడమ మణికట్టు వాచి ఉండటంతో చాటను ఒళ్లో పెట్టుకుని ఒంటిచేత్తోనే ఏరుతోంది. పాస్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నా పని ఆపలేదు. ఆయనకు అన్నం పెట్టి పంపాలి.

మంచం మీద ఆమె భర్త సైదయ్య తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీలకు మేస్త్రీ. మందిరంలో సంఘపెద్ద. పదకొండేళ్ల కింద ప్రభువు తనచేత తాగుడు మాన్పించాడని ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెబుతాడు. ఆడవాళ్ల చాప మీద నుంచి వెంకటమ్మ ఆమెన్ అంటుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం మందిరం వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. ఇరవై సెకన్లు. ఇదే గదిలో సైదయ్య తాగి నేల మీద పడి ఉన్నాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. పంపిన నంబరు కొడుకు నవీన్‌ది.

నిన్న ఆదివారం సైదయ్య మందిరానికి వెళ్లలేదు.

నవీన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే.

పాస్టరుగారు బైబిలు తెరవకుండానే చెప్పారు. పండు తిన్నాక ఆదాము హవ్వలకు మొదట తెలిసింది తమ ఒంటి మీద బట్టల్లేవనే. దేవుడు వాళ్లను తోట నుంచి వెళ్లగొట్టాడు, కానీ అలాగే పంపలేదు. చర్మపు చొక్కాలు తొడిగి పంపాడు. నోవహు తాగి గుడారంలో బట్టల్లేకుండా పడితే ఒక కొడుకు చూసి బయట చెప్పాడు. మిగిలిన ఇద్దరూ బట్ట భుజాన వేసుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, చూడకుండానే తండ్రిని కప్పారు.

“దిసమొలంటే ఒళ్లొక్కటే కాదు బిడ్డా. మనిషిల ఇంటోళ్లకే తెలిసిందేదో ఉంటది సూడు, అది. దాన్ని కప్పాలె గని ఊరికి సూపెడ్తరా?”

“ఫోన్ల వీడియో గుంజుడొచ్చింది గని మీద దుప్పటి ఏసుడు రాలే,” అంది గడపలో కూర్చున్న మేనత్త సువార్తమ్మ.

సైదయ్య తువ్వాలు తీశాడు. వచ్చే ఆదివారం సంఘం ముందు తప్పొప్పుకుంటే ఇంట్లో ఉండనిస్తానన్నాడు. లేదంటే ఈ పూటే వెళ్లిపోవాలన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“నువ్వు కాదంటే కాదని చెప్పురా. నీ నోటితోని చెప్పు. నమ్ముత.”

నవీన్ చూపు తల్లి మణికట్టు మీదికి పోయింది.

వెంకటమ్మ చాటలోకే చూస్తూ అంది, “ఒప్పుకో బిడ్డా. ఒక్కమాటతోని అయిపోతది.”

నవీన్ లోపలికి వెళ్లి రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చాడు. తండ్రి ముఖం తిప్పుకున్నాడు. మేనత్త లేచి దారి ఇచ్చింది.

శనివారం పొద్దున, ప్రభువు పాటలు వింటానంటే తన ఫోను తల్లి చేతిలో పెట్టి కోదాడ పనికి పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చిన నవీన్, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, ఆమె వైపు చూడకుండా, గడప దాటి వెళ్లిపోయాడు.